స్వెటర్లు అమ్మే మనుషుల వెనక

చలి మొదలవగానే విజయవాడలో టిబెటన్ల స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి. "ఇంకో యాభై తగ్గించమ్మా" అని బేరమాడి, కవర్ పట్టుకుని వచ్చేస్తాం. అమ్మే ఆవిడ శరణార్థుల బిడ్డ అయి ఉండొచ్చని తట్టదు. 1959లో దలైలామా లాసా వదిలి వచ్చాక వేలమంది టిబెటన్లు సరిహద్దు దాటారు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, ప్రత్యేక చట్టమూ లేదు. ఇక్కడే పుట్టి పెరిగినా చాలామంది విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను రెన్యువల్ చేయించుకుంటూ బతకాలి.

ఇలాంటివాళ్ళను నలుగురూ తిరిగే చోట కళతో గుర్తుచేసే ప్రయత్నాలు వేరే దేశాల్లో జరిగాయి. నన్ను బాగా కదిలించింది ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాది. ఇండోనేసియా నుంచి ఆస్ట్రేలియాకు బయలుదేరిన శరణార్థుల పడవ 2001 అక్టోబరు 19న మునిగి 353 మంది చనిపోయారు. అందులో 146 మంది పిల్లలు. వాళ్ళ కోసం చెరువు గట్టున 353 కర్ర స్తంభాలు నిలబెట్టారు. పెద్దవాళ్ళకు పొడవు స్తంభం, పిల్లలకు పొట్టిది. దేశమంతటా బడిపిల్లలు, మామూలు జనం వాటికి రంగులు వేశారు. ఆ పొట్టి స్తంభాల వరుస తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

2016లో చైనా కళాకారుడు ఐ వైవై బెర్లిన్ సంగీతశాల స్తంభాలకు 14,000 లైఫ్ జాకెట్లు చుట్టారు. అవి గ్రీసులోని లెస్బోస్ దీవిలో శరణార్థులు వదిలేసినవి. 2021లో సిరియా పాప రూపంలో చేసిన మూడున్నర మీటర్ల ఎత్తున్న, మనుషులు ఆడించే అమల్ బొమ్మ టర్కీ నుంచి ఇంగ్లండ్ దాకా ఊరూరా నడిచింది. వీధుల్లో పిల్లలు దాని చెయ్యి పట్టుకున్నారు.

మనకూ ఇది పరాయి కథ కాదు. 1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు వేశాక, బర్మాలోని తెలుగువాళ్ళు ఎందరో మూటాముల్లె సర్దుకుని, కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. దారిలోనే పోయినవాళ్ళూ ఉన్నారు. 1960ల్లో అక్కడ వ్యాపారాలు జాతీయం చేశాక మళ్ళీ ఓ విడత వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా మిగిలిందే.

2006 జనవరిలో గుంటూరు జిల్లా అమరావతిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ వేడుక జరిపినప్పుడు టిబెటన్లు బారులు తీరి వచ్చారు. ఇప్పుడక్కడ 125 అడుగుల ధ్యానబుద్ధుడు ఉన్నాడు. ఆ జనానికి గానీ, బర్మా నుంచి నడిచొచ్చిన మనవాళ్ళకు గానీ గుర్తుగా నిలబెట్టిన రాయి ఒక్కటీ నాకు కనబడలేదు. పక్కనే తెనాలిలో తుక్కు ఇనుముతో, నట్లూ బోల్టులతో నిలువెత్తు మనుషుల్ని చేసే శిల్పులున్నారు. తలమీద మూట, చంకలో బిడ్డ ఉన్న తల్లిని చేయమని వాళ్ళను అడగాలి.