కొత్త ఇంటికి రంగులు: ఖరీదైన డబ్బా చెమ్మను ఆపదు

ఆషాఢం వచ్చిందంటే నా ఫోను ఆగదు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లంతా ఆ నెలలోనే పిలుస్తారు. "మేస్త్రీ గారూ, ప్లాస్టరింగ్ మొన్న గురువారంతో అయిపోయిందండి. ముహూర్తం ఇంకా 20 రోజులుంది. అన్నిటికన్నా ఖరీదైన రంగే వేయించేద్దాం, పర్లేదు కదండీ?" భీమవరం చుట్టుపక్కల 22 ఏళ్లుగా రంగుల కాంట్రాక్టు చేస్తున్నాను. ఈ మాట వినని ఏడాది లేదు. అడిగేది ఎక్కువగా మొదటి ఇల్లు కట్టుకున్నవాళ్లే. లోను పెట్టి, నగలు కుదువపెట్టి, ఇసుక దగ్గర్నుంచి టైల్స్ దాకా ప్రతిదానికీ టెన్షన్ పడి, రంగుల దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటారు. అప్పుడు ఎవరు ఏం చెప్పినా నమ్మేస్తారు.

అపోహ: రంగు మంచిదైతే పచ్చి గోడ మీద వేసినా నిలుస్తుంది

నిలవదు. ఎన్నేళ్ల వారంటీ రాసి ఉన్న డబ్బా అయినా సరే, నిలవదు.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా నాన్న సున్నం వేసేవారు. గుల్ల సున్నం రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే వడకట్టి, కాస్త బంకా నీలిమందూ కలిపి కుంచెతో కొట్టేవారు. గోడ తడిగా ఉన్నా ఆయన ఆగేవారు కాదు, పైగా ఎండిన గోడనే తడిపి మరీ వేసేవారు. సున్నం గాలిని పీల్చుకుని నెమ్మదిగా రాయిలా గట్టిపడుతుంది, దానికి తడి కావాలి. పైగా సున్నం పొర తేమను ఆపదు. గోడలో చెమ్మ ఉంటే దాని గుండానే బయటకు పోతుంది. అందుకే ఇవాళ గృహప్రవేశం అంటే నిన్న వెల్ల వేసినా మన తాతల ఇళ్లకు ఏమీ కాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు "మా రోజుల్లో ఇంత ఆలస్యం లేదు" అంటే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల రోజుల్లో అది నిజమే.

ఇప్పుడు డబ్బాల్లో వచ్చే నీళ్ల రంగు, అంటే ఎమల్షన్, అలా కాదు. అందులోని నీరు ఆరిపోయాక గోడ మీద పల్చటి ప్లాస్టిక్ పొరలాంటిది మిగులుతుంది. డబ్బా ఖరీదు పెరిగేకొద్దీ ఆ పొర సాధారణంగా ఇంకా బిగుతుగా ఉంటుంది. మరకలు తుడిస్తే పోయేది అందుకే. గోడ లోపల తడి ఉన్నప్పుడు ఆ బిగుతే మనకు శత్రువు. నీరు బయటకు రావాలని చూస్తుంది, రంగు పొర అడ్డం పడుతుంది, బొబ్బలు లేస్తాయి. నీటితోపాటు సిమెంటులో, ఇటుకలో ఉన్న ఉప్పు కూడా కరిగి వచ్చి పొర కింద గడ్డకడుతుంది. పెచ్చులు ఊడటం అక్కడ మొదలవుతుంది. పచ్చి సిమెంటుకు క్షారం కూడా ఎక్కువ, పీహెచ్ 12 పైనే ఉంటుంది. దాని మీద ఆయిల్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేస్తే నూనె సబ్బులా మారి జిగటగా తయారవుతుంది. షేడ్ కూడా మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది.

మా డెల్టాలో ఇది రెట్టింపు. చాలా కొత్త ప్లాట్లు చెరువుల పక్కనే. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట ఆ నీళ్లతోనే గోడలు తడుపుతారు. ఆ ఉప్పంతా గోడలోనే ఉండిపోతుంది.

మూడేళ్ల కిందట ఒక జంట, ఆ అమ్మాయి టీచరు, ఆ అబ్బాయి ప్రైవేటు ఉద్యోగం. ప్లాస్టరింగ్ అయిన తొమ్మిదో రోజున నన్ను పిలిచారు. ఆగమన్నాను. వాళ్ల బంధువు ఒకాయన "ఖరీదైనది వేస్తే ఏమీ కాదు" అని వేరే మనిషిని పెట్టించి వారంలో పూర్తి చేయించేశారు. కార్తీకంలో ఫోను. వెళ్లి చూస్తే హాల్లో గోడంతా అప్పడంలా పొంగింది. చాకుతో గీకితే లప్పం (గోడ నునుపు కోసం పెట్టే పుట్టీ), రంగు కలిసి పలకలుగా ఊడొచ్చాయి. వెనకాల వరిపిండి చల్లినట్టు తెల్లటి ఉప్పు. ఆ అమ్మాయి "డబ్బా డూప్లికేట్ ఇచ్చారాండీ?" అని అడిగింది. కళ్లలో నీళ్లు. ఆమెను లోపలి స్టోర్ రూముకు తీసుకెళ్లాను. ఆ గది గోడ ఐదు నెలల ముందే ప్లాస్టరింగ్ అయింది, అదే డబ్బాలో రంగు, అదే మనిషి వేశాడు. అద్దంలా ఉంది. తప్పు డబ్బాది కాదని అప్పుడు అర్థమైంది. గీకడం, ఉప్పు దులపడం, ఎండబెట్టడం, మళ్లీ లప్పం, మళ్లీ ప్రైమర్, మళ్లీ రెండు కోట్లు. మొదట పెట్టినదానికన్నా ఎక్కువే అయింది.

నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక పెద్దాయన మాట కాదనలేక పచ్చి గోడకే వేసేశాను. రెండేళ్లు కూడా నిలవలేదు. కూలి తీసుకోకుండా మళ్లీ వేసిచ్చాను. అప్పటి నుంచి ఎవరు కోప్పడినా పర్లేదని ముందే చెప్పేస్తున్నాను.

మరి ఎన్నాళ్లు ఆగాలి? ప్లాస్టరింగ్‌ను కనీసం ఏడు రోజులు తడపాలి, దాన్ని తగ్గించకండి. తడపడం ఆపాక ఎండా గాలీ బాగా ఉన్న రోజుల్లో కనీసం నాలుగు వారాలు. ముసురు పట్టిందంటే ఆ లెక్క పనిచేయదు, రెండు మూడు నెలలైనా పట్టొచ్చు. కాబట్టి రోజులు లెక్కపెట్టకండి, గోడనే అడగండి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు మందపాటి ప్లాస్టిక్ కవరు తీసుకుని నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో గోడకు అంటించండి. మర్నాడు అదే వేళకు విప్పండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలున్నా, కింద గోడ నల్లబడినా లప్పం కూడా ముట్టుకోవద్దు. ఒక్కచోట చూస్తే చాలదు. నేలకు దగ్గరగా ఒకచోట, బాత్రూమ్ వెనక గోడకు ఒకచోట, ఎండ తగలని ఉత్తరపు గోడకు ఒకచోట చూడండి. తేమ మీటరున్న మేస్త్రీ దొరికితే ఇంకా మంచిది.

ముహూర్తం మార్చుకోమని నేను ఎవరికీ చెప్పను. పాలు పొంగించడానికి ఎమల్షన్ అక్కర్లేదు. గడపకు పసుపు కుంకుమ, మామిడి తోరణాలు, బంతిపూలు, ఇంటినిండా జనం ఉంటే గోడ ఎవరు చూస్తారండీ. ఫొటోల కోసం తప్పదంటే హాలు ఒక్కదానికి నీళ్ల ప్రైమర్ పల్చగా ఒక్క కోటు వేసి ఆపండి. పాడైనా పోయేది కొంచెమే. సున్నం మాత్రం కొట్టించొద్దు, తర్వాత అదంతా గీకితే తప్ప ఎమల్షన్ పట్టదు. అసలు రంగులు మాఘంలో వేసుకోండి. అప్పటికి సామాను సర్దేసి ఉంటుంది, జరపడం కష్టమే, నిజమే. మళ్లీ గీకించుకోవడం కన్నా అది చాలా తేలిక.

అపోహ: చెమ్మ వస్తే లోపల వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే సరి

మచ్చ ఎక్కడుందో చూస్తే నీరు ఎక్కడి నుంచి వస్తోందో చాలావరకు తెలుస్తుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా ఉంటే భూమిలోంచి ఎక్కుతోంది. కిటికీ కింద అయితే సజ్జా దగ్గరో ఫ్రేము చుట్టూనో సందు ఉంది. సీలింగు మూలలో అయితే డాబా మీద పిట్టగోడ మొదట్లో చూడండి. బాత్రూమ్ వెనక అయితే టైల్స్ మధ్య సందులో, లోపలి పైపులో చూడాలి. ముందు ఆ దారి మూయాలి. మూయకుండా లోపల ఏం పూసినా నీరు పక్కకు జరిగి ఇంకోచోట తేలుతుంది.

అపోహ: లప్పం ఎంత మందంగా పెడితే గోడ అంత నునుపు

లప్పం రెండు కోట్లు కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. ఎత్తుపల్లాలు సరిచేయాల్సింది ప్లాస్టరింగ్ మేస్త్రీ. మందంగా పెట్టిన లప్పం నెర్రెలిస్తుంది. ఉప్పు కాగితంతో (శాండ్ పేపర్‌తో) రుద్దాక దుమ్ము పూర్తిగా తుడిచి, ఆ తర్వాతే ప్రైమర్ వేయించండి.

అపోహ: బయటి గోడలకు వేసేది గట్టిది, లోపలా అదే వేస్తే మేలు

వద్దు. బయటి రంగుల్లో నాచు, బూజు పట్టకుండా మందులు కలుపుతారు. తలుపులు మూసుకుని పడుకునే గదికి అది కాదు.

అపోహ: వాసన లేకపోతే సీసం లేనట్టే

వాసనకూ సీసానికీ సంబంధం లేదు. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించకూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బా మీద ఆ సంగతి రాసి ఉందో లేదో చూసుకోండి. మీరు కొన్నది పాత ఇల్లయితే అసలు భయం పాత ఎనామిల్ పొరలతోనే. వాటిని పొడిగా గీకించొద్దు, తడిపి గీకించండి. ఆ రోజుల్లో చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లను ఇంట్లో ఉంచకండి.

అపోహ: పెయింటరు చెప్పిన కంపెనీయే మంచిది

డబ్బాలో పెయింటరు కోసం టోకెను (కంపెనీ ఇచ్చే కమిషన్ లాంటిది) పెట్టడం మా వృత్తిలో ఎప్పటి నుంచో ఉంది. అది తప్పని నేను అనను. డబ్బా మాత్రం మీ ఎదురుగా తెరిపించండి, నీళ్లు ఎన్ని కలపాలో డబ్బా మీద చదివి అంతే కలపమనండి. 1000 చదరపు అడుగుల ఇంటికి గోడలూ సీలింగూ కలిపి 3000 నుంచి 3500 చదరపు అడుగులు వస్తుంది. ఆ లెక్క మీ దగ్గరుంటే డబ్బాల సంఖ్య గురించి గొడవ రాదు.

షేడ్ గురించి ఒక్క మాట. కార్డు మీది గోరంత ముక్క చూసి నిర్ణయించుకోవద్దు. చిన్న డబ్బా కలిపించి గోడ మీద రెండడుగుల ముక్క వేయించి, పొద్దున ఒకసారి, రాత్రి మీ లైటు వెలుగులో ఒకసారి చూడండి. ఇంత చెప్పినా చాలామంది షేడ్‌కు నెల రోజులు ఆలోచిస్తారు, గోడ ఆరడానికి వారం ఇవ్వరు.

నిన్న రాత్రి పాలకొల్లు నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. ముహూర్తం 16 రోజుల్లో ఉందట, లప్పం రేపే మొదలుపెట్టమని మామగారు అంటున్నారట. కవరు అంటించమని చెప్పాను. పొద్దున అంటించి మర్నాటిదాకా ఆగలేక సాయంత్రమే ఫొటో పంపింది, అప్పటికే లోపలంతా చెమట పట్టినట్టు చుక్కలు. "మామయ్యగారికి నేను చెప్పలేనండి, మీరే ఒకసారి చెప్పండి" అంది. రేపు పొద్దున బస్సుకు వెళ్తున్నాను.