లైసెన్సు మారితే ఏమవుతుంది? ఓపెన్ సోర్స్‌పై అపోహలు, వాస్తవాలు

డేటాను వేగంగా అందించే డేటాబేస్ రెడిస్. 2024 మార్చి 20న దాని లైసెన్సు, అంటే వాడుకునే షరతులు, మారింది. మర్నాడు మా బృందంలో కొత్తగా చేరిన ఇంజినీర్ కంగారుగా వచ్చి, "సర్వర్ల నుంచి దీన్ని ఈ రోజే తీసేయాలా సార్?" అని అడిగాడు. లైసెన్సులు చూసుకోవడమే నా పని కాబట్టి ఇలాంటి భయాలు తరచూ నా దాకా వస్తుంటాయి.

అపోహ: లైసెన్సు మారితే మనం వాడుతున్న వెర్షన్‌కూ అదే వర్తిస్తుంది.

వెర్షన్ ఎంతో చూడమన్నాను. తెర మీద 7.2.4 అని కనిపించింది. కొత్త షరతులు 7.4 నుంచే మొదలు. 7.2.4ను షరతులు చాలా తక్కువగా ఉండే బీఎస్‌డీ లైసెన్సు కింద ఇచ్చారు, అది అలాగే ఉంటుంది. వారం దాటగానే లైనక్స్ ఫౌండేషన్ అండతో, రెడిస్‌కు ప్రత్యామ్నాయంగా వాల్కీ పుట్టింది కూడా ఆ 7.2.4 నుంచే. పాత వెర్షన్‌కు భద్రతా సవరణలు ఎన్నాళ్లు వస్తాయన్నదే అసలు చిక్కు.

అపోహ: ప్రాజెక్టు నడిపేవాళ్లు తలచుకుంటే చాలు, లైసెన్సు మార్చేయవచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లైసెన్సు పేరు కన్నా ముందు కాపీరైట్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. మామూలుగా ఎవరు రాసిన కోడ్‌పై హక్కు వారిదే, లేదా వారి యజమాన్య సంస్థది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో వేలమంది రాసిన కోడ్ ఉంది. మొత్తం మీద అది జీపీఎల్ (మార్చి పంచితే ఆ కోడ్‌నూ అవే షరతులతో ఇవ్వాలనే లైసెన్సు) రెండో వెర్షన్‌కే కట్టుబడింది. 2007లో మూడో వెర్షన్ వచ్చింది. కెర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు అది నచ్చలేదు. నచ్చినా అంతమంది అనుమతి తెచ్చుకోవడం మాటలు కాదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గోప్యంగా పంపడానికి వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ప్రాజెక్టు ఆ కష్టానికి సిద్ధపడింది. 2017లో పాత రచయితలకు ఈమెయిళ్లు పంపింది. జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుంటామని అందులో రాయడంపై గట్టి విమర్శలే వచ్చాయి. మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టడం నాకూ సమ్మతం కాదు. చివరికి 2021లో 3.0 వెర్షన్ అపాచీ 2.0 లైసెన్సుతో విడుదలైంది.

మరి రెడిస్‌కు అంత సులువెలా అయింది? కాపీరైట్ నోటీసును అలాగే ఉంచితే చాలు, వేరే షరతులున్న ఉత్పత్తిలో కలుపుకోవడానికి బీఎస్‌డీయే అనుమతిస్తుంది.

అపోహ: మార్పులన్నీ డబ్బు కోసమే.

క్లౌడ్ సంస్థలు తమ సాఫ్ట్‌వేర్‌ను సేవగా అమ్ముకుంటున్నాయన్న బాధతోనే 2018లో మాంగోడీబీ అనే డేటాబేస్ ఎస్‌ఎస్‌పీఎల్‌కు (సేవగా అమ్మితే ఆ సేవను నడిపే కోడ్ అంతా బయటపెట్టాలనే లైసెన్సుకు) మారింది, నిజమే. కానీ 2017లో వెబ్ పేజీలు కట్టడానికి ఫేస్‌బుక్ ఇచ్చిన రియాక్ట్, షరతులు తక్కువగా ఉండే ఎంఐటీ లైసెన్సుకు మారడానికి కారణం డబ్బు కాదు. ఫేస్‌బుక్‌పై పేటెంట్ దావా వేస్తే పేటెంట్ అనుమతి రద్దవుతుందన్న, అంతకుముందున్న నిబంధనను వాడుకరులు ఒప్పుకోలేదు.

అపోహ: కోడ్ కనిపిస్తే ఓపెన్ సోర్సే.

కాదు. 2023 ఆగస్టులో కొత్త లైసెన్సు ప్రకటించాక కూడా సర్వర్లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు. దానితో, తయారుచేసిన హాషీకార్ప్‌ సంస్థకు పోటీ సేవ మాత్రం నడపకూడదు. ఓపెన్ సోర్స్ అంటే ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ ఉండాలి.

అపోహ: ఒకసారి మూస్తే మళ్లీ తెరవరు.

వెతుకులాటకు వాడే ఎలాస్టిక్‌సెర్చ్ 2024లో, రెడిస్ 2025 మేలో ఏజీపీఎల్‌ను (కోడ్‌ను మార్చి ఇంటర్నెట్ సేవగా నడిపినా ఆ మార్పులు ఇవ్వాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సును) కూడా ఒక ఎంపికగా చేర్చి ఓపెన్ సోర్స్‌లోకి తిరిగొచ్చాయి. ఈలోగా వాల్కీకి మారిన మా సర్వర్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి.