ఒకే కార్బన్, రెండు నలుపులు

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కొండల్లో ఎక్కడ చూసినా కనిపించే రాయి ఖోండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టాడు. అందులో గ్రాఫైట్ రేకులుంటాయి. వాటిని రుద్దితే వేలికి అంటుకునే మెరుపు నలుపే పెన్సిల్ గీతలోనూ ఉండేది.

గ్రాఫైట్‌లో కార్బన్ పరమాణువులు పొరలు పొరలుగా ఉంటాయి. పొరల మధ్య పట్టు తక్కువ కాబట్టి కాగితానికి రాయగానే రేకులుగా ఊడతాయి. ఆ రేకులు చదునుగా పరుచుకుని వెలుగును అద్దంలా తిప్పికొడతాయి. అందుకే 6బీ లాంటి మెత్తని పెన్సిల్‌తో ఎంత ఒత్తినా ఒక హద్దు దాటాక నలుపు పెరగదు, మెరుపే పెరుగుతుంది. బొగ్గులోనూ ఉండేది కార్బనే, కానీ దాని రేణువులు గుల్లగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. వెలుగు వాటి సందుల్లోనే ఇంకిపోతుంది. మహేంద్రగిరి మీద సాయంకాలపు నీడ గీయాలంటే ఆ నలుపే కావాలి.

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో స్టేషనరీ దుకాణానికి వెళ్తే పెద్ద సెట్టు కొనకండి. హెచ్‌బీ, 2బీ, 6బీ ఒక్కొక్కటి, మీడియం చార్‌కోల్ (బొగ్గు) పెన్సిల్ ఒకటి చాలు. బీ ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తన, నలుపు ఎక్కువ. గ్రాఫైట్‌లో బంకమన్ను ఎక్కువ కలిపితే గట్టి పెన్సిల్, తక్కువైతే మెత్తనిది. 1795లో ఫ్రాన్స్‌లో కోంటే కనిపెట్టిన పద్ధతి ఇది. అయితే ఒక కంపెనీ 2బీ ఇంకో కంపెనీ 2బీ అంత నల్లగా ఉండాలని లేదు. కాబట్టి కాగితం మీద 2 సెంటీమీటర్ల గళ్లు గీసి, ఒక్కో పెన్సిల్‌తో ఒక్కో గడి నింపి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూడండి. ఏది ఎంత మెరుస్తోందో అక్కడే తేలిపోతుంది.

చవక పెన్సిల్‌లో అసలు చిక్కు నలుపు తగ్గడం కాదు, గీరుకోవడం. మెత్తగా నూరని రేణువు ముల్లులో ఉండిపోతే కాగితం మీద గాడి పడుతుంది, ఎంత షేడింగ్ చేసినా అది తెల్లగా తేలుతుంది. గరుకు కాగితం మీద నాలుగు గీతలు గీస్తే ఆ రేణువు రాలిపోవచ్చు. మళ్లీ మళ్లీ గీరుకుంటే ఆ పెన్సిల్‌ను లెక్కలకు వాడుకోండి. ముల్లు కర్ర నడిమధ్య లేకపోతే చెక్కినప్పుడల్లా విరుగుతుంది. కొనేటప్పుడే చివర చూసుకోవాలి. చార్‌కోల్ పెన్సిల్‌ను షార్ప్‌నర్‌లో పెట్టకండి. బ్లేడుతో కర్ర చెక్కి, ముల్లును సన్న గరుకు కాగితం మీద తిప్పుతూ అరగదీయండి. రాలిన పొడి దాచుకుంటే దూదితో ఆకాశానికి పనికొస్తుంది.

గ్రాఫైట్ దట్టంగా వేసిన చోట బొగ్గు పట్టదు. కాగితం గరుకును రేకులు పూడ్చేసి నున్నగా చేస్తాయి, బొగ్గు జారిపోతుంది. ముదురు నీడలకు ముందే బొగ్గు వేసి, లేత ఛాయలు గ్రాఫైట్‌కు వదలండి. కాగితం కొంచెం గరుకుది, 120 జీఎస్ఎంకు (చదరపు మీటరుకు 120 గ్రాముల బరువుకు) తగ్గనిది మేలు. వానాకాలంలో బరంపురం గాలిలోని తేమకు కాగితం మెత్తబడి, హెచ్‌బీ మొన కూడా దిగబడుతుంది. కాగితాలను తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచండి.

బొగ్గు బొమ్మకు ఫిక్సెటివ్, అంటే పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, తప్పదు. ఆరుబయట, అడుగు దూరం నుంచి, పలుచగా రెండు మూడు పూతలు కొట్టండి. ప్రతి పూతా ఆరాకే తర్వాతది. ఒకేసారి తడిసేలా కొడితే లేత ఛాయలు నల్లబడతాయి.