జవాబు గజళ్లు, చేతిరాత పుస్తకాలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న హైదరాబాద్‌లో మౌలాలి గుట్ట కింద ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి చూశాక, "ప్రేమ కవితకు జవాబంటే ప్రేయసే రాసేదా తాతయ్యా?" అని అడిగారు. చాలాసార్లు కాదమ్మా, ఇంకో కవి రాసేవాడు.

ఉర్దూలో గజల్ నడకనీ ప్రాసనీ కలిపి 'జమీన్' అంటారు, అంటే నేల. ఒక గజల్‌లో ద్విపదలు "ఉత్తరం రాలేదు", "వరం రాలేదు" అని ముగుస్తున్నాయనుకోండి. జవాబు రాసేవాళ్లు అదే నడకలో, "రాలేదు"ని కదపకుండా, దాని ముందు "స్వరం" లాంటి మాట తెచ్చి తమ బాధ చెప్పుకోవాలి. మన సమస్యాపూరణానికి దగ్గరి చుట్టం. పాత కవికి దండం పెట్టడం, ఆయనతో పోటీపడటం రెండూ ఒకేసారి జరుగుతాయి. నాకు ఇందులో ఎంతో ఇష్టమైనది అదే.

ఔరంగాబాద్ కవి వలీ రాసిన దీవాన్, అంటే గజళ్ల సంపుటి, 1720 ప్రాంతంలో ఢిల్లీ చేరింది. అక్కడ ఫార్సీకే గౌరవం ఎక్కువ. అలాంటి చోట వలీ గజళ్లు పిల్లా పెద్దా నోట ఆడాయట! అప్పటికి ఇరవై దాటిన ఢిల్లీ కవి హాతిం ఆ నేలల్లో తనూ గజళ్లు కట్టాడు. 1756 ప్రాంతంలో పాత కవిత్వంలోంచి ఏరి 'దీవాన్‌జాదా', అంటే దీవాన్‌కు పుట్టిన బిడ్డ, తయారుచేశాడు. అందులో ఏ గజల్ ఎప్పటిదో, ముషాయిరాలో, అంటే కవిసభలో, ఇచ్చిన పాదానికి కట్టిందో, ఎవరైనా అడిగితే రాసిందో, ఇంకొకరికి జవాబో గుర్తు వేశాడు. జవాబుగా రాసినవి 'జవాబీ'. ఆ ఒక్క మాట రాసిపెట్టినందుకు ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఎందుకంటే అప్పట్లో వీటికి అచ్చు లేదు. మీర్ అంతటి కవి సమగ్ర కవిత్వం కూడా ఆయన పోయిన మరుసటి ఏడు, 1811లో, కలకత్తాలో అచ్చయింది. అందాకా నచ్చిన ద్విపదలను 'బయాజ్' అనే సొంత నోటుబుక్కులో ఎక్కించుకునేవారు. కవి పేరు సాధారణంగా గజల్ చివరి ద్విపదలో ఉంటుంది. మధ్యలోంచి రెండు ద్విపదలే రాసుకుంటే పేరు పోయేది, అది ఎవరికి జవాబో ఆ సంగతీ పోయేది. అయినా ఆ నోటుబుక్కులే ఎందరినో కాపాడాయి. 1752లో మీర్ కవుల చరిత్ర రాసినప్పుడు, దక్కను కవుల కోసం ఉజ్లత్ అనే కవి బయాజ్‌నే ఆధారం చేసుకున్నాడు.

చందా కూడా తన గజళ్ల చేతిరాత ప్రతిని 1799లో మాల్కం అనే ఈస్టిండియా కంపెనీ అధికారికి ఇచ్చింది. అది ఇప్పుడు లండన్‌లో ఉంది.

మీరిద్దరూ తలో ద్విపద రాసి పంపండి. అదే ప్రాసలో జవాబు రాస్తాను. పేరు, తేదీ వేయడం మాత్రం మరవకండి.

మీ తాతయ్య