ఫైలు తెరుచుకుంటే సరిపోదు: పెట్టుబడి న్యూస్‌లెటర్లపై అపోహలు, వాస్తవాలు

"బాబూ, డబ్బులు కట్టి మూడు రోజులయ్యింది. నా ఖాతాలోకి ఇంకా ఒక్క షేరూ రాలేదేటి?"

ఫోన్ చేసింది నరసన్నపేట నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. నేనప్పుడు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ గ్లాసు పట్టుకుని ఉన్నాను. మాట్లాడేసరికి టీ చల్లారిపోయింది గానీ, ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. చందా కట్టాక ఏం జరుగుతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ దగ్గర రీసెర్చ్ ఎనలిస్టుగా (షేర్లను పరిశీలించి సలహా రాసేవాడిగా) రిజిస్టరై, నెలకొక న్యూస్‌లెటర్ రాయడం నా పని. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు నాలుగు ఫైళ్లు వెళ్తాయి: షరతుల పత్రం, ఈ నెల సంచిక, పాత సంచికలన్నీ ఉన్న జిప్ ఫైలు, మోడల్ పోర్ట్‌ఫోలియో (నమూనా షేర్ల జాబితా) ఎక్సెల్ షీటు. వాటి గురించి నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చందా కడితే షేర్లు వాళ్లే కొనిపెడతారు

కొనిపెట్టం. మీ తరఫున కొనడం, అమ్మడం మేం చేయకూడదు కూడా. ఫలానా కంపెనీ ఎందుకు నచ్చింది, ఏ ధర లోపు కొనొచ్చు, ఎప్పుడు బయటపడాలి అన్నది రాస్తాం. బ్రోకర్ యాప్‌లో కొనాల్సింది మీరే. మీ అప్పులు, అమ్మాయి పెళ్లి, ఇంటి ఖర్చు అన్నీ చూసి మీ ఒక్కరి కోసం ప్లాన్ చెప్పేవాళ్లు వేరే ఉన్నారు, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌ఏతో మొదలవుతుంది, మాది ఐఎన్‌హెచ్‌తో. ఇద్దరిలో ఎవరికీ మీ డీమ్యాట్ (షేర్లుండే ఖాతా) పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అక్కర్లేదు. అడిగితే ఫోన్ పెట్టెయ్యండి.

అపోహ: సెబీ నంబరు ఉందంటే లాభం గ్యారంటీ

ఆ నంబరుకి అర్థం పరీక్ష పాసయ్యాడని, నియమాలకు లోబడి ఉంటానని ఒప్పుకున్నాడని. అంతవరకే. లాభం గ్యారంటీ అని రాయడమే నిషేధం. సర్టిఫికెట్ ఫొటో వాట్సాప్‌లో వచ్చిందని నమ్మొద్దు, ఫొటోలో పేరు మార్చడం అయిదు నిమిషాల పని. సెబీ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి, పేరూ చిరునామా సరిపోయాయో లేదో చూసుకోండి. 2025 అక్టోబరు 1 నుంచి మా లాంటి వాళ్లకి ప్రత్యేక యూపీఐ ఐడీలు వచ్చాయి. వాటిలో 'వాలిడ్' అన్న మాట ఉంటుంది, డబ్బు పంపేటప్పుడు ఆకుపచ్చ త్రిభుజంలో బొటనవేలి గుర్తు కనిపిస్తుంది.

అపోహ: ఫైలు తెరవాలంటే వాళ్లు పంపిన యాప్ వేసుకోవాలి

పీడీఎఫ్ చదవడానికి మీ ఫోన్లో ఉన్నది చాలు. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది పుస్తకం కాదు, మీ ఫోన్లోకి చొరబడే ప్రోగ్రాం. ముట్టుకోవద్దు. అలాంటిది నొక్కేసి డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక మా ఆఫీసుకి వచ్చే ఫోన్లలో ఎక్కువ "పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు" అన్నవే. మా పాస్‌వర్డ్ (మేం పంపే ఫైళ్లది) మీ పాన్ నంబరే, అన్నీ పెద్దక్షరాల్లో. పాన్‌లో మొదటి అయిదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర మళ్లీ ఒక అక్షరం. కాబట్టి మొదటి అయిదింట్లో గుండ్రంగా కనిపించేది 'ఓ', ఆ నాలుగంకెల్లో ఉన్నదైతే సున్నా. ఇంకో తంటా ఉంది. ఫోన్ కీబోర్డు పైన చూపించే మాటని నొక్కితే చివర ఒక ఖాళీ తనే చేర్చేస్తుంది. కంటికి కనబడదు, ఫైలు మాత్రం తెరుచుకోదు. వేలితో ఒక్కో అక్షరమూ కొట్టండి.

అపోహ: పాత సంచికల్లో ఉన్నవన్నీ ఇప్పుడు కొనాల్సినవే

నష్టాలు ఎక్కువగా ఇక్కడే చూశాను. జిప్ ఫైలు విప్పగానే ముప్పై, నలభై సంచికలు కనిపిస్తాయి. డబ్బు కట్టాం కదా, అన్నీ వాడేసుకోవాలన్న ఆత్రం. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన ఇలాగే మొదలుపెట్టారు. పాత సంచికలో ఒక షేరుని "900 లోపు కొనండి" అని రాశాను. ఆయన యాప్‌లో చూస్తే ధర 190. ఎనభై శాతం డిస్కౌంటనుకుని ఒకేసారి చాలా కొనేశారు. జరిగిందేమిటంటే మధ్యలో ఆ కంపెనీ షేరుని విభజించింది, ముఖ విలువ (షేరు మీద కంపెనీ వేసే అసలు విలువ) 10 నుంచి 2కి మారింది. ఒక షేరు అయిదయ్యింది, ధర అయిదో వంతయ్యింది. నేను రాసిన 900 ఇప్పటి లెక్కలో 180. అంటే చవగ్గా కొన్నాననుకున్న షేరుని ఆయన నా హద్దు దాటిన ధరకి కొన్నారు.

యాప్‌లో చార్టు పాత ధరల్ని కూడా సవరించి చూపిస్తుంది. పీడీఎఫ్ ఎప్పటి కాగితం అప్పటిదే, దాంట్లో అంకె మారదు. "పోయిన సీజను రేటు చీటీ పట్టుకుని ఇవాళ జీడిపిక్కలు కొంటారా?" అని అడిగితే ఆయనకి చప్పున అర్థమైంది. అదే మాట ముందు చెప్పుంటే బాగుండేది. ఇప్పుడు జిప్‌తో పాటు ఒక పేజీ పంపుతున్నాను. ఏ సలహా ఇంకా అమల్లో ఉంది, దేనికి బయటపడమని చెప్పేశాం, ఏ షేరుకి స్ప్లిట్ (విభజన), బోనస్ (ఉచితంగా ఇచ్చే అదనపు షేర్లు) వచ్చాయి అన్నది దాంట్లో ఉంటుంది. పాత సంచికలు మా ఆలోచన ఎలా సాగుతుందో, ఎక్కడ తప్పామో చూసుకోవడానికి. చేరిన మొదటి నెల ఏమీ కొనకుండా వాటిని చదవమనే నేను చెబుతాను.

ఎక్సెల్ షీటుది వేరే గోల. ఒకావిడ పేర్లున్న నిలువు వరుసని మాత్రమే ఎంచుకుని అక్షర క్రమంలో పెట్టారు. పేర్లు కదిలాయి, ధరలు కదల్లేదు. ఒక కంపెనీ పక్కన ఇంకో కంపెనీ ధర. నేను పంపిన ఫైలుని అలాగే ఉంచి, కాపీ తీసుకుని దాని మీద మీ ప్రయోగాలు చేయండి. పేర్లు దగ్గరగా ఉన్న కంపెనీలు బోలెడు కాబట్టి కొనేముందు ఐఎస్ఐఎన్ పోల్చుకోండి. అది పన్నెండు గుర్తుల కోడ్, ఒక్కో కంపెనీ షేరుకి వేరేగా ఉంటుంది.

అపోహ: రాసేవాడు ముందే కొనుక్కుని, ధర పెరిగాక మన నెత్తిన అమ్ముతాడు

ఈ అనుమానం మంచిదే. రిపోర్టు బయటికి రావడానికి ముందు 30 రోజులు, తర్వాత 5 రోజులు ఆ షేరులో లావాదేవీ చేయకూడదని మాకు నియమం. మా దగ్గర ఆ షేరు ఉంటే ఉందని రాయాలి. సాధారణంగా అది చివరి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది. మొదట ఆ పేజీ చదవండి. అసలు ఆ పేజీయే లేకపోతే మిగతాది చదవనక్కర్లేదు.

అపోహ: ఒకసారి కడితే అంతే, తిరిగి రాదు

మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి దామాషా ప్రకారం తిరిగి అడగొచ్చు. ఏడాదికి మించి ముందస్తుగా వసూలు చేయకూడదు కాబట్టి "జీవితకాల చందా" అన్నవాణ్ణి అక్కడే వదిలేయండి. మామూలు మదుపరి కుటుంబం దగ్గర ఏడాదికి పన్నులు కాకుండా 1,51,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. నగదు అసలే వద్దు. పేచీ వస్తే ముందు ఎనలిస్టుకే రాతపూర్వకంగా పంపండి, తేలకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎనలిస్టు 21 రోజుల్లో జవాబివ్వాలి.

చందా కట్టేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. 50,000 పెట్టుబడికి 6,000 చందా అంటే 12 శాతం. షేరు కొనకముందే అంత వెనకబడి ఉన్నారన్నమాట. అలాంటివాళ్లకి చేరొద్దనే చెబుతాను. మా ఇంట్లో దీని మీద నాకు రోజూ క్లాసే.

మాస్టారు ఇప్పుడు ప్రతి సంచికా జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, పంచ్ కొట్టి, ట్యాగు కట్టి ఉంచుతున్నారు. కాలం చెల్లిన సలహాల మీద ఎర్ర సిరాతో అడ్డంగా "రద్దు" అని గీశారు. మొన్న శ్రీకాకుళం వచ్చినప్పుడు ఫైలు చూపించారు, ముచ్చటేసింది. అట్ట మీద మాత్రం, పాస్‌వర్డ్ మర్చిపోకుండా, తన పాన్ నంబరు పెద్దక్షరాలతో రాసి పెట్టారు. అది నా ముందే కొట్టేయించి పంపించాను.