ఇంగ్లిష్ పేపర్ పాసైనా మాట ఎందుకు రావడం లేదు?

డిగ్రీలో ఇంగ్లిష్ పేపర్ మంచి మార్కులతో పాసైన పిల్లలు ఇంటర్వ్యూలో తమ గురించి నాలుగు ముక్కలు చెప్పడానికి టెన్షన్ పడిపోతారు. తప్పు వాళ్లది కాదు. ఈ చిక్కు చాలా పాతది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కోస్తా, సీమ జిల్లాల్లో పైచదువంటే ఇంగ్లిష్ చదువే. హైదరాబాద్ సంస్థానం దారి వేరు. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగేది, ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. 1948 తర్వాత అక్కడా ఇంగ్లిష్ మీడియం వచ్చింది.

1958లో హైదరాబాద్‌లో కేంద్ర ఆంగ్ల సంస్థ పెట్టారు. నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అదే. ఇంగ్లిష్ ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పడం దాని ముఖ్యమైన పని. పదేళ్లకు, 1968లో, తెలుగు అకాడమీ వచ్చింది. డిగ్రీ పుస్తకాలు తెలుగులో దొరకడంతో పల్లె పిల్లలకు కాలేజీ గుమ్మం అందింది. అది చాలా గొప్ప మేలు, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. కానీ ఆ పిల్లలకు ఇంగ్లిష్ ఒక పేపర్‌గానే మిగిలింది. గైడు కొనడం, వ్యాసాలు బట్టీ పట్టడం, పరీక్షలో దించేయడం. వాళ్లు నోరు విప్పి మాట్లాడితే విని మార్కు వేసినవాళ్లు లేరు.

ఐటీ ఉద్యోగాలు పెరిగాక ఇంజినీరింగ్ కాలేజీల్లో లాంగ్వేజ్ ల్యాబులు వచ్చాయి. హెడ్‌ఫోన్లు, జామ్ (ఇచ్చిన అంశం మీద ఒక నిమిషం మాట్లాడటం), జీడీ (గ్రూప్ డిస్కషన్) అన్నీ ఉన్నాయి. అయితే అరవై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికి వారానికి రెండు నిమిషాలు దొరికితే గొప్పే.

2008లో ఆర్జీయూకేటీ, అంటే ట్రిపుల్ ఐటీలుగా పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మరో దారి పట్టింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపస్‌లలో పదో తరగతి అయిన పల్లె పిల్లలను ఆరేళ్ల చదువుకు తీసుకున్నారు. ఇంజినీరింగ్‌కు ముందు ఇంటర్ లాంటి రెండేళ్ల పీయూసీ ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడు కుదురుకోవడానికి ఆ వ్యవధి ఎంతో అవసరం.

డిగ్రీ కాలేజీలకు వచ్చేసరికి ఆ వ్యవధి లేదు. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే అన్నారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన అమ్మాయి మొదటి రోజే ఇంగ్లిష్‌లో ఎకనామిక్స్ వినాలి. చేరిన రోజున ఆమెకు ఎంత అర్థమవుతోందో చూసి, ఏడాది తర్వాత మళ్లీ చూస్తేనే కదా, ఎంత ఎదిగిందో తెలిసేది! చాలా కాలేజీల్లో సెమిస్టర్ చివర జరిగేది మాత్రం ఇప్పటికీ ఆ రాత పరీక్షే.