లైవ్ అంటే ఒక్క రాత్రి కాదు

"ఎనభై తొమ్మిదేళ్ల పెద్దాయన దాదాపు గంటన్నర సేపు ఒక్క తప్పు లేకుండా నడిపించారు సార్. నేను ఆరు నిమిషాలు వాయించలేకపోతున్నాను." పదకొండో టేకు తర్వాత కమాను పక్కన పెట్టేసి ఒక వయొలిన్ విద్యార్థిని నాతో అన్న మాట ఇది. ప్రవేశ పరీక్షకు పంపాల్సిన రికార్డింగు కోసం తల్లితో కలిసి వచ్చింది. ఆ అమ్మాయి రోజూ వింటున్నది ఒక లైవ్ రికార్డింగు: జర్మన్ కండక్టర్ గుంటర్ వాండ్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో చేసిన బ్రుక్నర్ ఎనిమిదో సింఫనీ. బ్రుక్నర్ ఆస్ట్రియా స్వరకర్త, సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన సుదీర్ఘ రచన. ఆ పెద్దాయన వాండే.

కచేరీలు రికార్డు చేసి ఎడిట్ చేయడం నా వృత్తి. ఈ మాట ఏటా ఎవరో ఒకరి నోట వింటూనే ఉంటాను. లైవ్ అని రాసి ఉంటే ఒకే రాత్రి, మొదటి నుంచి చివరి వరకు, ఉన్నది ఉన్నట్టు అనుకుంటారు. ఈ ఒక్క అపోహ ఎంతమంది పిల్లల ధైర్యాన్ని తినేసిందో నేను దగ్గరగా చూశాను.

ఆ డిస్కు వివరాలు తీసి చూడమన్నాను. 2001 జనవరి అని ఉంటుంది, ఒకటి కాదు, వరుసగా కొన్ని తేదీలు. పెద్ద వాద్యబృందాలు ఒకే కార్యక్రమాన్ని రెండు మూడు సాయంత్రాలు వాయిస్తాయి. అన్నిటినీ రికార్డు చేస్తారు. చాలాసార్లు రిహార్సల్ కూడా టేపు మీద ఉంటుంది. జనం వెళ్లిపోయాక చెడిన చోట్లను మళ్లీ వాయించి అతికే పద్ధతీ ఉంది. నిర్మాత స్వరలిపి ముందు పెట్టుకుని, ఏ బార్ (స్వరలిపిలో ఒక గడి) ఏ రాత్రిది తీసుకోవాలో పెన్సిలుతో గుర్తు పెడతాడు.

మేం నిశ్శబ్దాన్ని కూడా అతుకుతాం. బ్రుక్నర్ సంగీతం ఎక్కడో శిఖరం దాకా వెళ్లి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక కచేరీలో సరిగ్గా అలాంటి విరామంలోనే ఎవరో దగ్గారు. మరుసటి రోజు విరామం తెచ్చి అక్కడ పెట్టాను. కుదరలేదు. మొదటి రోజు ఏసీ హోరు ఒక రకం, రెండో రోజు ఇంకో రకం. పైగా ఇత్తడి వాద్యాల మోత హాలులో కరిగిపోయే తీరు కూడా కలవాలి. మూడు సెకన్ల నిశ్శబ్దానికి నాకు ఒక పూట పట్టింది.

"అయితే అంతా మోసమేగా" అనేవాళ్లు వెంటనే బయలుదేరతారు. ఈ పుకారంటే నాకు అసలు ఓపిక లేదు. రెండు రాత్రుల వేగం ఒకటి కాకపోతే ఏ కత్తెరా పనిచేయదు. సింఫనీ మొత్తాన్ని ఒకే శ్వాసలో మోసుకెళ్లే పట్టు ఎడిటింగు బల్ల మీద పుట్టదు. వాండ్ బ్రుక్నర్ అయిదో సింఫనీని చేపట్టిందే 1974లో, అరవై రెండేళ్ల వయసులో. ఆ తర్వాత కొలోన్ రేడియో వాద్యబృందంతో, హాంబర్గ్‌లో మరో రేడియో వాద్యబృందంతో బ్రుక్నర్ సింఫనీలను మళ్లీ మళ్లీ చేశారు. రిహార్సళ్లు ఎక్కువ ఇస్తే తప్ప ఒప్పుకునేవారు కాదు. బెర్లిన్ డిస్కులలో మనం వింటున్నది ఆ ఏళ్లన్నిటినీ.

వయసు పైబడితే వేగం తగ్గుతుందనేది ఇంకో మాట. చెలిబిదాకే అనే మరో కండక్టర్, వాండ్ ఇద్దరూ 1912లోనే పుట్టారు. చెలిబిదాకే 1993లో మ్యూనిక్‌లో చేసిన ఎనిమిదో సింఫనీ వంద నిమిషాలు దాటింది. వాండ్ 89 ఏళ్ల వయసులో దాన్ని సుమారు 87 నిమిషాల్లో ముగించారు. హాలులో ప్రతి స్వరం విడిగా వినబడి కలిసేంత సమయం ఇవ్వాలనేది చెలిబిదాకే నమ్మకం. అది ఆలోచించి ఎంచుకున్న వేగం, ముసలితనం కాదు. ఆయనకు రికార్డింగులంటేనే గిట్టదు. ఆ మ్యూనిక్ డిస్కులు 1996లో ఆయన పోయాక, కుటుంబం ఒప్పుకున్నాక వచ్చాయి.

"లైవ్‌లో సౌండు తక్కువ, ఫైలు పాడైంది" అని ఫోను చేసేవాళ్లకు ఒక్క మాట. ఎనిమిదో సింఫనీ మొదలే వినీ వినబడని వణుకు. అక్కడ వాల్యూమ్ పెంచకండి. పెద్ద మోత ఉన్న చోట సరిచేసుకుని, మొదటికి వెళ్లండి.

ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. పరీక్షకు కత్తిరింపులు లేని టేకే పంపాలి. వినేవాళ్లకు ఆ సంగతి తెలుసు, తప్పులు లెక్కపెట్టడానికి కూర్చోరు అని చెప్పాను. నా తెర మీద రెండు రాత్రుల తరంగాలు పక్కపక్కన పెట్టి, అతుకు ఎక్కడుందో చూపించాను. చాలాసేపు చూసింది. వాళ్లమ్మ ఇంకా ఎక్కువసేపు చూశారు. మర్నాడు పొద్దున వచ్చి రెండే టేకులు వాయించింది. రెండోదానిలో, రెండో పేజీ చివర ఒక స్వరం కొంచెం పైకి పోయింది. అదే పంపాం.